నల్లరేగడి ప్లాటా, ఎర్రచెల్క ప్లాటా?

నల్గొండ, మహబూబ్‌నగర్ పరిసరాల్లో ఇంటి స్థలం వెతికేవారికి ఎక్కువగా ఈ రెండు నేలలే ఎదురవుతాయి. నా ఓటు ఎర్రచెల్కకే. సాధారణంగా కొద్ది లోతులోనే గట్టి మొరం తగులుతుంది, మామూలు పునాది సరిపోతుంది. పూడ్చిన బావి, పాత క్వారీ గుంత ఉన్నాయేమో చుట్టుపక్కల రైతులను అడగండి.

నల్లరేగడి సంగతి వేరు. అందులోని బంకమన్ను వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. బరువు తక్కువ కాబట్టి ఒక్క అంతస్తు ఇల్లు భద్రమని చాలామంది అనుకుంటారు. నిజానికి నేల ఉబ్బు తేలికైన ఇంటినే సులువుగా పైకి నెట్టి గోడలు పగలగొడుతుంది! మట్టి పరీక్షలో ఉబ్బుదల సూచిక (నీళ్లలో మట్టి ఎంత ఉబ్బుతుందో చెప్పే అంకె) 50 శాతం దాటితే అండర్‌రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బెత్తుగా వెడల్పు చేసి లోతుగా దించే కాంక్రీటు స్తంభాలు) వంటి ప్రత్యేక పునాది గురించి ఇంజనీరును అడగాలి. నల్లరేగడి ప్లాటు చవకగా దొరికినా, గజం ధరలో మిగిలిన డబ్బు ఆ పునాదికే ఖర్చవుతుంది. చెరువు శిఖం (చెరువు నీళ్లు నిలిచే) భూమైతే ఎంత చవకైనా కొనవద్దు.