ఇంటర్న్‌షిప్ వేటకి లింక్డ్‌ఇన్ (ఉద్యోగాలు, వృత్తి పరిచయాల సైట్) ఎంతవరకు పనికొస్తుంది?

లింక్డ్‌ఇన్ జాబ్స్ పేజీలో స్టూడెంట్‌కి నిజంగా ఉపయోగపడేవి ఫిల్టర్లే. ఎక్స్‌పీరియన్స్ లెవెల్‌లో ‘ఇంటర్న్‌షిప్’, డేట్ పోస్టెడ్‌లో ‘గత 24 గంటలు’ పెట్టి వెతకండి. అదే సెర్చ్‌కి అలర్ట్ కూడా ఆన్ చేయండి. పాత పోస్టులకి అప్పటికే రెజ్యూమేలు కుప్పపడి ఉంటాయి.

లింక్డ్‌ఇన్‌లోనే అప్లికేషన్ పంపించే ఈజీ అప్లై బటన్‌ని మరీ నమ్ముకోవద్దు. రెండు నొక్కుల్లో అయిపోయే పని కాబట్టి అందరూ నొక్కేస్తారు. పైగా ముందు సేవ్ అయిన పాత రెజ్యూమేనే వెళ్లిపోయే ప్రమాదముంది, సబ్మిట్ కొట్టేముందు ఫైల్ పేరు చూసుకోండి. కంపెనీ సొంత సైట్‌లో ఫారం ఉంటే అక్కడ నింపడమే మేలు.

లింక్డ్‌ఇన్ అసలు బలం మనుషుల్ని పట్టుకోవడంలో ఉంది. మీ కాలేజీ పేజీలో ‘అలమ్నై’ (పూర్వ విద్యార్థులు) ట్యాబ్ తెరిచి కంపెనీ పేరు కొడితే, అక్కడ పనిచేస్తున్న సీనియర్లు కనిపిస్తారు. మొదటి మెసేజ్‌లోనే ‘రిఫరల్ (కంపెనీలో మన పేరు సిఫార్సు) ఇప్పించండి సార్’ అంటే జవాబు రావడం కష్టం. పోస్టు లింకు, దానికి సరిపోయే మీ ప్రాజెక్టు ఒకటి, సూటిగా ఒక్క ప్రశ్న పెట్టండి చాలు. నాలుగు లైన్లు దాటొద్దు.

డబ్బు కట్టి తీసుకునే లింక్డ్‌ఇన్ ప్రీమియమా? ఇంటర్న్‌షిప్ కోసమైతే దండగ. పైన చెప్పినవి చాలావరకు ఉచితమే. ఇక ట్రైనింగ్ ఫీజనో, డిపాజిట్ అనో డబ్బడిగే పోస్టులు ఇక్కడా దూరుతుంటాయి, రిపోర్ట్ కొట్టి వదిలేయండి.