వేవ్‌ఫామ్ సింక్: నాలుగేళ్లు వాడాక

విజయనగరంలో పెళ్లిళ్లకు, గుడి కార్యక్రమాలకు వీడియోలు తీస్తుంటాను. కెమెరా మైకులో మాట కంటే ఫ్యాను చప్పుడే ఎక్కువ పడుతుంది. అందుకే నాలుగేళ్ల కిందట జేబులో పట్టే రికార్డర్ కొని, కళాకారుల దగ్గర పెట్టి ఆడియో విడిగా తీయడం మొదలుపెట్టాను. ఆ ఆడియోని వీడియోతో కలిపే వేవ్‌ఫామ్ సింక్ గురించే ఈ సమీక్ష. ప్రీమియర్, ఫైనల్ కట్, డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు మూడింటిలోనూ ఈ సదుపాయం ఉంది. రిజాల్వ్‌లోనైతే ఉచిత వెర్షన్‌లోనే దొరుకుతుంది.

పెళ్లిళ్ల వరకు నాకు ఫిర్యాదు లేదు. క్లిప్పులన్నీ ఎంచుకుని నొక్కితే, కెమెరాలో పడిన ముతక ఆడియో గీతల్ని (శబ్దం హెచ్చుతగ్గుల్ని చూపే వేవ్‌ఫామ్) రికార్డర్ గీతలతో పోల్చి జత చేసేస్తుంది. అంతకు ముందు పంతులుగారి పెదాలు చూస్తూ క్లిప్పుని అటూ ఇటూ జరిపేసరికి రాత్రి రెండయ్యేది.

తప్పెటగుళ్లు అనే జానపద నృత్యం తీసినప్పుడు మాత్రం దీని లోటు తెలిసింది. గుండె మీద తప్పెట కట్టుకుని ఒకే దరువు గబగబా వాయిస్తుంటే గీతలన్నీ ఒకే పోలికలో ఉంటాయి. ఇరవై సెకన్ల క్లిప్పు ఇస్తే ఒక దరువు పక్కన తెచ్చి అతికిస్తుంది. వింటే మోత సరిపోయినట్టే ఉంటుంది, పాట మాత్రం నోటికి కలవదు. ఇప్పుడు దరువు మొదలవక ముందు నుంచే, మాటలూ అరుపులూ పడేలా కెమెరా ఆన్ చేస్తున్నాను. ఆ గోలే గుర్తుగా పనికొస్తుంది.

ఇంకో తిరకాసు దళం గురువుగారికి వీడియో చూపిస్తే బయటపడింది. ఆయన ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసి, "ఏటి బాబూ, మా సెయ్యి ముందు పడతాది, మోత ఎనకాలొస్తాదేటి?" అన్నారు. టైమ్‌లైన్ మీద చూస్తే గీతకు గీత కలిసే ఉంది. కారణం దొరకడానికి రెండు రోజులు పట్టింది. జనం వెనక, దాదాపు ముప్పై మీటర్ల దూరం నుంచి జూమ్ చేసి తీశాను. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తుంది. సెకనుకు 25 ఫ్రేముల (బొమ్మల) వీడియోలో ఒక్క ఫ్రేము కాలానికి పధ్నాలుగు మీటర్లు కూడా దాటదు. అంటే కెమెరా మైకుకి మోత రెండు ఫ్రేములు ఆలస్యంగా చేరింది. సాఫ్ట్‌వేర్ ఆ ఆలస్యపు మోతకే నా రికార్డర్ ఆడియోని కట్టేసింది. తప్పు దానిది కాదు, అది బొమ్మని చూడదు కదా. దూరం నుంచి తీసిన షాట్లకు ఆడియో రెండు ఫ్రేములు ముందే వినపడేలా జరుపుతున్నాను.

హరికథ దగ్గర మరో రకం. గంటన్నర కథ. మొదట్లో అచ్చంగా కుదిరింది, చివర మంగళం పాడేసరికి పెదాలు ఒక దారి, పాట ఒక దారి. కెమెరా గడియారం, రికార్డర్ గడియారం వెంట్రుకవాసి తేడాతో నడుస్తాయి. నా రెంటి మధ్య గంటకు రెండు మూడు ఫ్రేములు జారుతుంది. గంటలో 90,000 ఫ్రేములుంటాయి కాబట్టి స్పీడు మార్చి సరిచేయాలంటే శాతంలో మూడో దశాంశం కావాలి. నేను వాడేదాంట్లో అంత సన్నగా మార్చడం కుదరదు. దాసుగారు ఊపిరి తీసుకునే చోట ఆడియో కోసి, ఒక్కో ఫ్రేము జరుపుతాను. సరిగ్గా పడిందో లేదో చూసుకోవడానికి చిడతలంత గొప్ప క్లాప్ బోర్డు లేదు. చెక్కకు చెక్క తగిలిన ఫ్రేము దగ్గర గీత నిటారుగా లేస్తుంది. చిడతలు లేని కార్యక్రమమైతే మొదట ఒకసారి, ఆఖర్న ఒకసారి కెమెరా ముందు నేనే చప్పట్లు కొడతాను.

ఫోన్‌తో తీసేవాళ్లకు ఒక మాట: ఫోన్ వీడియోలో ఫ్రేముల లెక్క మధ్యలో మారుతుంటుంది. ముందు హ్యాండ్‌బ్రేక్ అనే వీడియోలు మార్చే సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన ఫ్రేమ్ రేటుకి మార్చుకున్నాకే సింక్ చేయండి. రికార్డర్‌ని వీడియోలకు మామూలుగా వాడే 48 కిలోహెర్ట్జ్ ఆడియో సెట్టింగులో పెట్టుకోండి.

పెళ్లిళ్లకు పదికి తొమ్మిది వేస్తాను. తప్పెటగుళ్లకు ఐదే. అయినా వాటికీ ముందు దీన్నే నొక్కుతాను. దరువు పక్కకి పడ్డా దగ్గర్లోనే తెచ్చి పెడుతుంది, అక్కణ్నుంచి చేత్తో జరుపుకోవడానికి పది నిమిషాలు చాలు.