చూడని కాగితాల సంగతి చెప్పని సూచన: ఒక ఆరోగ్య రికార్డుల యాప్‌పై సమీక్ష

ఆభా నంబరుతో (ప్రభుత్వ ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఇచ్చే ఆరోగ్య ఖాతా నంబరుతో) ముడిపడిన ఒక ఆరోగ్య రికార్డుల యాప్‌ను మా అమ్మ కోసం రెండేళ్లకు పైగా వాడుతున్నాను. 14 అంకెల నంబరు ఎలా తీసుకోవాలో, ఆసుపత్రి రికార్డులను ఎలా జతచేయాలో అందరికీ తెలిసిందే కనుక అవన్నీ వదిలేసి, తెరవగానే పైన కనిపించే ‘మీ కోసం సూచనలు’ అనే పెట్టె గురించి మాత్రమే రాస్తాను. యాప్ పేరు చెప్పడం లేదు. ఈ లోపం ఆ ఒక్కదానిదే అని నేననుకోవడం లేదు.

మొదట్లో ఆ పెట్టెను బంధువులందరి దగ్గరా మెచ్చుకున్నాను. అమ్మకు షుగరూ థైరాయిడూ రెండూ ఉన్నాయి. ఏడాదికోసారి రెటీనా పరీక్ష చేయించాలని, మూత్రంలో ఆల్బుమిన్ చూపించుకోవాలని గుర్తుచేసింది అదే. ఐరన్ మాత్రలు మొదలుపెట్టినప్పుడు, వాటికీ థైరాయిడ్ మాత్రకూ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలని ఆ రోజే హెచ్చరించింది. కిక్కిరిసిన ఓపీలో ఇలాంటివి అడిగే తీరిక మనకూ ఉండదు, చెప్పే తీరిక డాక్టరుకూ ఉండదు.

ఆ ఐరన్ మాత్రల దగ్గరే వచ్చింది చిక్కు. అమ్మ హిమోగ్లోబిన్ 9 కంటే తక్కువకు పడిపోవడంతో వాటిని రాశారు. అప్పట్లో 7.9 ఉన్న హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే రక్తపరీక్ష), కొన్ని నెలల తర్వాత 6.7కు దిగింది. పెట్టె పచ్చరంగుకు మారి, షుగర్ అదుపులో ఉందనీ, తదుపరి పరీక్ష ఆరు నెలల తర్వాత చాలనీ, మందుల మోతాదు తగ్గించే విషయం డాక్టరుతో మాట్లాడవచ్చనీ చూపించింది. అమ్మ ఆ చివరి మాటలో డాక్టరును వదిలేసి, తగ్గించడాన్ని మాత్రం పట్టుకుంది. “ఫోనులోనే వచ్చింది కదే, రాత్రి మాత్ర మానేస్తాను” అని పట్టుబట్టింది. అయితే ఇంట్లో గ్లూకోమీటరుతో చూస్తే పరగడుపున 160కి పైన, తిన్నాక 220కి పైన వస్తోంది. 6.7 అంటే సగటున దాదాపు 146 ఉండాలి. లెక్క కుదరక డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్లాను.

ఆయన వివరించిన తీరు ఇది. ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కు ఎంత చక్కెర అంటుకుందో చెప్పేది హెచ్‌బీఏ1సీ. ఆ కణాల ఆయుష్షు సుమారు 120 రోజులు. ఐరన్ లోపం ఉన్నప్పుడు ఆ అంకె ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించవచ్చు. ఐరన్ అందగానే కొత్త కణాలు పెద్ద సంఖ్యలో పుడతాయి, వాటికి చక్కెర అంటుకునేంత వ్యవధి ఇంకా ఉండదు కాబట్టి, షుగర్ ఏమీ తగ్గకపోయినా అంకె తగ్గుతుంది. ఆయన గత రెండు మూడు వారాల స్థితిని చూపే ఫ్రక్టోజమిన్ పరీక్ష రాశారు. అది ఎక్కువగానే వచ్చింది. మోతాదు తగ్గించలేదు సరికదా, ఇంకో మాత్ర చేర్చారు.

షుగర్ అదుపులో ఉన్నవారికి ఏడాదికి రెండుసార్లు ఈ పరీక్ష చాలన్న నియమంలో తప్పేమీ లేదు. నా కోపం వేరే చోట ఉంది. సూచన కింద ‘ఇది ఎందుకు?’ అన్న చిన్న లింకు నొక్కితే, వయసు, చివరి హెచ్‌బీఏ1సీ, ఈ రెండే కనిపించాయి. హిమోగ్లోబిన్ రిపోర్టు మా వీధి ల్యాబు ఇచ్చిన కాగితానికి నేను తీసిన ఫొటో కనుక దానిలోని అంకె యాప్‌కు అందలేదనుకుందాం. ఐరన్ మాత్ర సంగతి మాత్రం దానికి తెలుసు, థైరాయిడ్ మాత్ర విషయంలో హెచ్చరించింది కూడా! మందులను పోల్చే భాగానికి తెలిసినది, పరీక్షల గడువు లెక్కగట్టే భాగానికి చేరలేదని నాకు అర్థమైంది. ఆ లింకే లేకపోతే ఇంతమాత్రమైనా తెలిసేది కాదు; ఈ యాప్‌లో నాకు నిజంగా నచ్చినది అదొక్కటే.

ఏ రికార్డులు, ఏ తేదీలవి, ఎప్పటిదాకా చూపాలో మనమే నిర్ణయించి, కావాలంటే అనుమతిని రద్దుచేసుకునే ఏర్పాటు ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో ఉంది. అది మంచిదే. కానీ దాని ఫలితంగానే ఇలాంటి యాప్‌కు ఎప్పుడూ కొన్ని కాగితాలే కనిపిస్తాయి. అలాంటప్పుడు ‘మీ రక్తహీనత వివరాలు నాకు కనిపించలేదు’ అన్న ఒక్క వాక్యం పచ్చరంగు పక్కన ఉండి తీరాలి. దాని బదులు ‘మీలాంటివారు ఎంచుకున్నవి’ అంటూ ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీలు కనిపిస్తాయి. చీర కొన్నవారికి జాకెట్టు గుడ్డ చూపించే పద్ధతి జబ్బుల విషయంలో పనికిరాదు.

యాప్ తీసేయలేదు. రిపోర్టులన్నీ ఒకచోట ఉండటం హైదరాబాదులో ఉండి రాజమండ్రిలోని అమ్మను చూసుకునే నాబోటివాళ్లకు పెద్ద వెసులుబాటు. ఒకే జబ్బు, ఒకే ల్యాబు, రక్తహీనత లేని మనిషి అయితే సూచనలు కూడా బాగానే పనిచేయవచ్చు. మా ఇంట్లో మాత్రం అమ్మ ఫోనులో ఆ పెట్టెను ఆపేశాను, నా ఫోనులో ఉంచుకున్నాను.