నార్త్‌వెస్టర్న్ 1981, కొలంబియా 1987: ఏది ఎక్కువ ఘోరం?

అమెరికాలో కాలేజ్ ఫుట్‌బాల్ (సాకర్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్) చూసేవాళ్ళకి ఈ రెండు సీజన్లూ తెలిసే ఉంటాయి. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ టీమ్ 1981లో 11కి 11 ఓడింది, అయోవా చేతిలో 64-0, తర్వాత మిషిగన్ స్టేట్ 61-14తో బాదేసరికి వరస ఓటముల రికార్డు వీళ్ళ పేరు మీదకొచ్చింది, స్టూడెంట్సే గ్రౌండ్‌లోకి దూకి "మేమే అందరికన్నా చెత్త" అని అరిచారు, పాపం ఆ ప్లేయర్లు ఎలా తట్టుకున్నారో. కొలంబియా యూనివర్సిటీ టీమ్ 1987లో 10కి 10 పోగొట్టుకుంది, 1988లో ప్రిన్స్‌టన్ మీద 16-13తో గెలిచేదాకా వరసగా 44 ఓటములు, నంబర్ చూస్తే ఇదే ఘోరం. కానీ కొలంబియా ఆడే ఐవీ లీగ్‌లో స్పోర్ట్స్ స్కాలర్‌షిప్ ఎవరికీ లేదు కదా, పోటీ కాస్త సమానం. నార్త్‌వెస్టర్న్‌కేమో బిగ్ టెన్ అనే లీగ్‌లో ఒహాయో స్టేట్, మిషిగన్ లాంటి బలమైన టీమ్‌లు, అందుకే నాకు వీళ్ళ మీదే ఎక్కువ జాలి. 1982లో నార్తర్న్ ఇల్లినాయ్‌ని 31-6తో కొట్టి వరస ఓటముల్ని 34 దగ్గర ఆపారు, ఆ రోజు గోల్‌పోస్టులు పీకి మిషిగన్ లేక్‌లో పడేశారు.