అవ్వ పెట్టెలోని నాగవంకీ పాతదేనా? బొమ్మ, గీటురాయి, మిషన్, నగ వెనకవైపు: ఏది మేలు?

నెల్లూరు, ఒంగోలు వైపు ఇళ్లల్లో తరచూ వచ్చే ప్రశ్న ఇది. అవ్వ నుంచి అమ్మకు, అమ్మ నుంచి కూతురికి వచ్చిన నాగవంకీయో, గండభేరుండ పతకమో, హంసల జడబిళ్ళో ఒకటి ఉంటుంది. అది నిజంగా ముత్తవ్వ కాలంనాటిదా, మధ్యలో ఎవరో కరిగించి మళ్లీ చేయించిందా? తేల్చుకోడానికి ఆచారి వీధికి తీసుకెళ్లి గీటురాయి మీద గీయించాలా, హాల్‌మార్కింగ్ సెంటర్లో మిషన్ కింద పెట్టించాలా అని అడుగుతుంటారు. ఆ రెండూ బంగారం ఎంత మేలిమిదో చెప్తాయి. వయసు తెలియాలంటే మాత్రం నగను బోర్లా తిప్పి చూడాలి.

ముందు బొమ్మ సంగతి. నాగుపడగ, నెమలి, హంస, చిలక, మకరం, యాళి, ఇవన్నీ ఇవాళ్టికీ షోరూముల్లో చేయిస్తున్నారు కాబట్టి బొమ్మను బట్టి కాలం చెప్పలేం. అయినా పంపకాల కాగితంలో రాయడానికైనా బొమ్మ ఏదో సరిగ్గా గుర్తుపట్టాలి. తల మీద కుచ్చు ఉంటే నెమలి. కుచ్చు లేకుండా తోక లతలా చుట్టుకుపోతే హంస. కడియం చివర తొండం పైకి తిరిగి, నోట్లో పళ్లు కనబడితే అది ఏనుగు కాదు, మకరం. ఒకే ఒంటికి రెండు తలలుంటే గండభేరుండం. మన ఇళ్లల్లో దాన్ని జంట నెమళ్లని రాసేస్తుంటారు.

గీటురాయి పాత పద్ధతే అయినా చేయి తిరిగిన ఆచారి చేతిలో నమ్మదగ్గదే. నగను నల్లరాయి మీద గీసి, పక్కనే ఎన్ని క్యారట్లో ముందే తెలిసిన బంగారు మొన సూదితో ఇంకో గీత గీసి, రెంటి మీదా యాసిడ్ చుక్క వేసి ఏది ముందు వెలిసిపోతుందో చూస్తారు. మొదటి గీతను లెక్కలోకి తీసుకోవద్దనండి. అది పైపూత కావచ్చు. అదేచోట రెండోసారి, మూడోసారి గీసినదే అసలు రంగు చెబుతుంది. గీసిన ప్రతిసారీ కొంత బంగారం పోతుంది గనక పడగ అంచు మీద, పక్షి ముక్కు మీద గీయనివ్వకండి. వెనక పలక అంచు చాలు.

మిషన్ అంటే ఎక్స్‌రే పడేసి లోహాల పాళ్లు చెప్పే క్యారట్ మీటర్. నగకు గీత పడదు, నిమిషాల్లో కాగితం చేతికొస్తుంది. మామూలు జనం తమ నగలు పట్టుకెళ్తే నాలుగు వస్తువుల దాకా 200 రూపాయలు తీసుకోవాలని 2023లో బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రకటించింది. అయితే ఇది చూసేది కొన్ని మైక్రాన్ల పైపొరనే. రాళ్లు పొదిగిన పాత నగల్లో ఇంకో చిక్కుంది. రాయి చుట్టూ నొక్కే కుందనం దాదాపు 24 క్యారట్ల మేలిమి రేకు. మిషన్ అక్కడ చూస్తే అంకె ఎక్కువొస్తుంది, వెనక పలక మీద చూస్తే తక్కువొస్తుంది, అతుకు మీద చూస్తే ఇంకా దిగుతుంది. ఒక్క అంకె చూసి "అబ్బ, ఎంత మంచి బంగారమో" అనుకోవడం ఇందుకే పొరపాటు. పలక మీద ఒకసారి, అతుకు మీద ఒకసారి విడివిడిగా చూపించి, క్యారట్ ఒక్కటే కాకుండా లోహాల జాబితా మొత్తం ప్రింటు అడగండి. అతుకులో కాడ్మియం కనబడితే అది కేడీఎం పని, అంటే కాడ్మియం కలిపి అతికినది: నగ కొత్తదై ఉండాలి, లేదా ఆ అతుకు తర్వాత వేసినదై ఉండాలి.

క్యారట్ తక్కువొస్తే పాతదని, ఎక్కువొస్తే కొత్తదని అనుకోడానికీ లేదు. 1963 జనవరిలో వచ్చిన బంగారు నియంత్రణ నిబంధనలు 14 క్యారట్లకు మించి నగలు చేయకూడదన్నాయి. 1966లో ఆ పరిమితి ఎత్తేశారు. కాబట్టి తక్కువ క్యారట్ నగ ఆ మధ్యకాలంలో చేసిందైనా కావచ్చు. బీఐఎస్ త్రిభుజం ముద్ర మొదలైంది 2000లో. అంతకు ముందు ఆచారి ఇంటి అరుగు మీద కూర్చుని చేసిన నగకు సాధారణంగా ఏ ముద్రా ఉండదు.

నీళ్లలో తూచి సాంద్రత కట్టడం గట్టి కడియాలకు తప్ప దేనికీ పనికిరాదు. సింహముఖపు కడియం లోపల బోలుగా ఉండి లక్క నింపి ఉంటే లెక్క తప్పుతుంది.

ఇక నగ వెనకవైపు. కావాల్సింది పదింతలు పెద్దదిగా చూపే అద్దం, పక్కనుంచి ఏటవాలుగా వేసే టార్చి. చూసేముందు కుంకుడురసంలో మరిగించొద్దు. రాళ్ల కింద వెండి రేకో బంగారు రేకో ఉంటుంది. నీళ్లు దూరితే వెండి రేకు నల్లబడి కెంపు చచ్చిపోయినట్టు కనబడుతుంది. దుకాణంలో అల్ట్రాసోనిక్‌లో వేస్తామన్నా వద్దనండి, లక్క కదిలి రాళ్లు రాలతాయి. పొడి కుంచెతో దుమ్ము దులిపితే చాలు.

మొదట అతుకులు. చేతిపనిలో పడగ వేరు, పక్షి వేరు, పలక వేరు. విడివిడిగా చేసి టంకం (అతికించే లోహం) పెడతారు. ఆ టంకంలో వెండి, రాగి ఎక్కువ కాబట్టి పక్షి మెడ పలకను తాకేచోట కాస్త వెలిసిన రంగులో సన్నని, వంకర గీత ఉంటుంది. పోతపోసిన కొత్త నగలో అక్కడ గీతే ఉండదు, పక్షీ పలకా ఒకే ముద్ద. దానికి బదులు మెరుగు అందని మూలల్లో ఇసుక రాలినట్టు గరుకు, సూదిమొనంత గుంటలు కనబడతాయి.

తర్వాత జంటలు. వంకీ మీద ఎదురెదురుగా ఉన్న రెండు నెమళ్ల ఈకలు లెక్కపెట్టండి. ఒకదానికి ఏడు, ఇంకోదానికి ఎనిమిది వస్తే చేత్తో చెక్కినట్టు. రెండూ అచ్చుగుద్దినట్టుంటే మాత్రం వెంటనే కొత్తదనకండి. పాతకాలంలోనూ కంచు అచ్చుల్లో రేకు కొట్టేవాళ్లు. కాసులపేరు అలా చేసిందే.

కమ్మలకైతే మర తిప్పి చూడండి. ఆచారి చేత్తో కోసిన మర ఏ కమ్మకు చేసిందో ఆ కమ్మకే పడుతుంది. కుడి కమ్మ మర ఎడమదానికి ఎక్కించబోతే సగంలో బిగుసుకుంటుంది. ఎక్కడైనా సాఫీగా తిరిగితే మిషన్ మర.

నన్నడిగితే అన్నిటికన్నా నమ్మదగ్గది అరుగుదల. గొలుసు వేలాడిన చోట పతకం వలయం రంధ్రం కోడిగుడ్డులా సాగుతుంది. వంకీలో చేతికి రాసుకున్న లోపలి అంచు నునుపెక్కుతుంది, పైకి లేచిన పడగల కొసలు మొద్దుబారతాయి, మడతల్లో మాత్రం గీతలు పదునుగా ఉంటాయి. యాంటిక్ పాలిష్ వేసిన కొత్త నగలో నలుపు అన్ని మూలల్లోనూ సమంగా ఉంటుంది, ఎత్తైన చోట్ల మెరుపూ సమంగా ఉంటుంది. ఒంటి మీద వాడిన నగ అలా అరగదు.

చివరగా రాళ్లు. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఆగస్ట్ వెర్న్యూయి 1902లో కృత్రిమ కెంపు తయారీని ప్రకటించాక ఆ రాళ్లు మన నగల్లోకి బాగానే వచ్చాయి. అద్దంలో గుండ్రటి గాలి బుడగలు, గ్రామఫోన్ రికార్డు మీద ఉన్నట్టు వంపు గీతలు కనబడితే ఆ రాయి చాలామటుకు 1902 తర్వాతిదే. నగ అంతకన్నా పాతదై ఉండి, రాలిన రాయి స్థానంలో దీన్ని పెట్టి ఉండొచ్చు. అందుకే ఏ ఒక్క గుర్తునూ పట్టుకుని తేల్చొద్దు. అతుకు, అరుగుదల, మర లేదా రాయి, మూడూ ఒకే మాట చెప్పాలి.

అమ్మాలనుకుంటే మిషన్ కాగితం కావాల్సిందే, బేరానికి అదే ఆధారం. కరిగించి తేలుస్తామంటే ఒప్పుకోవద్దు. అక్కడితో ధర తెలుస్తుంది, నగ పోతుంది. అమెరికాలో ఉన్న బిడ్డకు పంపాలనుకునేవాళ్లు ఇంకోటి గమనించాలి: 1972 పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన నగను సొంతంగా దేశం దాటించకూడదు. అంత పాతది కాదని ధ్రువపత్రం ఇచ్చేది భారత పురావస్తు సర్వేక్షణ శాఖ. పులిగోరు పతకమైతే అసలు అమ్మకూడదు, కొనకూడదు. వన్యప్రాణి చట్టం కింద అది నేరం.

బాగుచేయించేముందు వెనకవైపు ఫొటోలు దగ్గరగా తీసిపెట్టుకోండి. బూడిదరంగు మచ్చలు కనబడితే అది సీసం టంకం; వేడి చేయకముందే దాన్ని పూర్తిగా గీకి తీసేయమని ఆచారికి చెప్పండి. లేకపోతే మంట తగలగానే సీసం బంగారాన్ని తినేసి పలకకు చిల్లులు పడతాయి.