అన్నదమ్ముల పంపకం: పెద్దమనుషుల మాటా, కోర్టు డిక్రీనా? ఏది మేలు?

చెన్నైలోని తెలుగు కుటుంబాల్లో తండ్రి పోయాక ఇల్లు పంచుకోవాలంటే ముందు కూర్చునేది పెద్దమనుషుల దగ్గరే. అది మంచి పద్ధతే. తల్లిని ఎవరు చూసుకున్నారో, మేడ మీద గది ఎవరి డబ్బుతో లేచిందో మేనమామకు తెలుసు. కోర్టు మాత్రం దావాలో రాసినదాన్ని, సాక్ష్యం పలికినంతవరకే చూస్తుంది. మొదట వాటాలు తేల్చే ప్రాథమిక డిక్రీ, తర్వాత కోర్టు నియమించిన కమిషనర్ వచ్చి కొలిచాక తుది డిక్రీ. ఈలోగా ఏళ్లు గడుస్తాయి.

పెద్దల దారి చెడేది కాగితం దగ్గర. "ఇకనుంచి కింది భాగం పెద్దవాడిది, పైది చిన్నవాడిది" అని స్టాంపు కాగితం మీద రాసి సంతకాలు పెట్టేస్తారు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రూ.100, ఆపై విలువైన స్థిరాస్తిలో హక్కు కల్పించే పత్రం రిజిస్టర్ కావాల్సిందే. కాకపోతే హక్కుకు రుజువుగా చెల్లదు. ఆ సంగతి బ్యాంకు లోనుకు వెళ్లినప్పుడో, ఇల్లు అమ్మబోయినప్పుడో బయటపడుతుంది.

అంతకన్నా పెద్ద అన్యాయం, ఆడబిడ్డను పిలవకపోవడం. "పెళ్లికి పెట్టిపోతలు అయ్యాయిగా" అంటారు. తండ్రి స్వార్జితమై, వీలునామా లేకపోతే హిందూ వారసత్వ చట్టం కింద ఆయన భార్య, తల్లి, కొడుకులు, కూతుళ్లు అందరికీ సమాన వాటా. ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే హక్కుందని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. నోటిమాటగా ఎప్పుడో పంచుకున్నామన్న వాదనను మామూలుగా ఒప్పుకోకూడదనీ చెప్పింది.

బెదిరించి సంతకం పెట్టించే కట్టపంచాయితీ సంగతి వేరు. అక్కడ రాజీ మాటే వద్దు, నేరుగా పోలీసులకు ఫిర్యాదు చేయాలి.

మనసులు కలిసే అవకాశం ఉంటే, మాట పెద్దల ముందు తేల్చుకుని, పత్రం చట్టప్రకారం రాయించుకోవడమే మేలు. వారసుల సర్టిఫికెట్‌లోని పేర్లన్నీ పంపక దస్తావేజులో ఉండాలి. కొలతలు, హద్దులతో పాటు మెట్లు, బోరు, కరెంటు మీటరు ఎవరివో కూడా రాయాలి; తర్వాత గొడవలు ఎక్కువగా వాటి మీదే.

దావా ఇప్పటికే వేసి ఉంటే, మద్రాసు హైకోర్టు ఆవరణలో 2005లో మొదలైన మధ్యవర్తిత్వ కేంద్రానికో, లోక్ అదాలత్‌కో పంపమని అడగొచ్చు. లోక్ అదాలత్ అవార్డు డిక్రీతో సమానం, అప్పీలు లేదు. కోర్టు ఫీజు కూడా తిరిగొస్తుంది. పెద్దల దగ్గర బయటే రాజీ పడినా తమిళనాడులో ఫీజు వాపసు దక్కుతుందని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది.

దస్తావేజు తమిళంలో ఉంటే, సంతకానికి ముందు అమ్మకూ అక్కాచెల్లెళ్లకూ ప్రతి వాక్యం తెలుగులో చదివి వినిపించండి.