ఎండుగడ్డికి ఏది మేలు: బోరు కింది చేనా, వానాధారమా?

హైదరాబాద్ చుట్టుపక్కల పాడి పెట్టుకున్నవాళ్లు మేత దిగుబడి అంటే పచ్చి బరువే చెబుతారు. ఎకరం సూపర్ నేపియర్ గడ్డికి వచ్చిన టన్నులు వింటే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ దాంట్లో ఐదింట నాలుగు వంతులు నీళ్లే. పైగా కాడ లావు, ఒక పట్టాన ఎండదు. అది ముక్కలు కొట్టి పచ్చిగా వేయడానికో, సైలేజీ (గాలి తగలకుండా పులియబెట్టి దాచే పచ్చిమేత) గుంతకో బాగుంటుంది. ఉప్పల్ దాటాక మూసీ నీటితో పెరిగే పారా గడ్డి కూడా పచ్చిగా అమ్ముడుపోయేదే. ఈ రెండింటినీ పక్కన పెడుతున్నాను.

ఇక మిగిలింది బోరు కింద లూసర్న్ (పప్పుజాతి మేత పైరు) లేదా పలుకోతల జొన్న, వానాధారంగా జొన్న, స్టైలో (ఇదీ పప్పుజాతి మేతే), అంజన్ గడ్డి.

బోరు కింద దిగుబడి పెరిగేది ఎక్కువ కోతలు వస్తాయి కాబట్టి. లూసర్న్ మొదటి కోత దాదాపు రెండు నెలలకు వస్తుంది, ఆ తర్వాత నెలకొకటి. జొన్నకైతే ప్రతి కోతకూ యూరియా పడాలి. నీళ్లున్నాయి కదా అని ఎరువు ఆపితే రెండో కోతకే చేను పలచబడుతుంది.

వానాధారంలో నేల మాటే చెల్లుతుంది. ఇక్కడ ఏడాదికి దాదాపు 800 మిల్లీమీటర్ల వాన, అందులో ఎక్కువ భాగం జూన్-సెప్టెంబర్ మధ్యే. చల్క నేల (ఇసుక పాలు ఎక్కువున్న ఎర్ర నేల) ఆ నీటిని పట్టి ఉంచలేదు. వాన ముఖం చాటేసి జొన్న వాడితే నాము (లేత, వాడిన జొన్నలో చేరే విషం) భయం కూడా ఉంటుంది, పూత దాకా ఆగి కోయాలి.

అసలు తేడా ఎండబెట్టేటప్పుడు తెలుస్తుంది. జూన్‌లో వేసిన జొన్న పూతకు వచ్చేది ఆగస్టులో. కోసిన గడ్డి మీద రెండు వానలు పడితే నల్లబడి బూజు పడుతుంది. చేలో పండింది ఎంతైనా వామికి చేరేది తక్కువే. బోరు ఉన్నవాడు డిసెంబరు ఎండలో కోసుకోగలడు. అప్పుడు కూడా లూసర్న్‌ను మధ్యాహ్నం తిరగేస్తే ఆకంతా రాలి పుల్లలు మిగులుతాయి. పొద్దున మంచు తడి ఉండగానే తిప్పాలి.

తాండూరు వైపు నల్లరేగడి ఉన్నవాళ్లకు ఈ టెన్షన్ లేదు. సెప్టెంబరు, అక్టోబరుల్లో వేసిన యాసంగి జొన్న నేలలోని తేమతోనే పెరిగి, పొడి వాతావరణంలో కోతకొస్తుంది. విత్తనం ఒత్తుగా చల్లితే కాడ సన్నగా వచ్చి త్వరగా ఎండుతుంది. గింజ కోసం ఉంచితే చొప్ప మిగులుతుంది కానీ సత్తువ తగ్గుతుంది.

నా మొగ్గు చెప్పాలంటే, నల్లరేగడికి యాసంగి జొన్నే మేలు, దానికి బోరు ఖర్చు దండగ. చల్కలో నమ్మకమైన బోరుంటే లూసర్న్, లేకపోతే స్టైలో, అంజన్ కలిపి వేసుకోవచ్చు. వేసవిలో బోరు ఎండిపోయే ఊరైతే మాత్రం ఏప్రిల్, మే కోతలను తీసేసి లెక్క వేసుకోండి.